మా ఇంటి మనిషి

1939 జనవరి 8, ఆదివారం

దిగింది. ఆరో చీర ఇయ్యాల మగ్గం దిగింది. దొరల ఇంటి పెండ్లికని ఒప్పుకున్న ఆరు చీరలు, చెప్పిన దినానికే. నడుమ పోగు తోసే నాడె నాది, అంచు నాడె మా ఇంటామెది. నాలుగు నెలలు ఒక్క మగ్గం గుంతల భుజానికి భుజం తగులుకుంట కూసున్నం. చీర మడత పెట్టుకుంట అన్న — "ఈసారి ఏమన్న అడుగు, కాదనను." కాళ్లు నేల మీద నిలుస్తలేవు నాకు.

ముక్కుపుడక అడుగుతదనుకున్న.

"ఒక్క దినం మనిద్దరమే ఉండే తావుకు తీస్కపో" అన్నది. మల్ల కండెలు సుట్టవోయింది.

జనవరి 9

పొద్దుగాలకెల్లి గదే మాట మెదులుతుంది. పెండ్లయి ఇరువై ఏండ్లు. రెండర్రల ఇల్లు. ఒక అర్రల అమ్మ, తమ్ముడు, తమ్ముని పెండ్లాం, వాళ్ల ముగ్గురు పిల్లలు. ఇంకో అర్రల మగ్గం, మగ్గం పక్కన మేము. దగ్గితె ఇల్లంత ఇంటది. గుసగుస పెడితె అమ్మ "ఏందిరా?" అంటది. ఇన్నేండ్లల్ల ఇద్దరం తలుపేసుకొని పది మాటలు మాట్లాడింది లేదు. నాకు ఎన్నడు తట్టలె. ఆమెకు దినాం తట్టిందేమో!

జనవరి 12, బేస్తవారం

ఈరన్న బావ వచ్చిండు. మేం నేసిన గద్వాల చీరలు మూటగట్టుకొని పట్నంల ఇల్లిల్లు తిరిగి అమ్ముతడు. హైదరబాదు గల్లీలన్ని ఆయన అరచేతిల ఉన్నయంటడు. అడిగిన — పట్నంల ఆలుమగలు దిగాల్నంటె యాడ మంచిగుంటది?

"హోటల్ల దిగు" అన్నడు.

మా ఆమె లోపటికెల్లి — "హోటల్ల యాడ పండుకుంటరన్నా? బల్లల మీదనా?"

బావ పడీ పడీ నవ్విండు. చాయ తాగే హోటలు వేరేనట, పండుకునే హోటలు వేరేనట. నేను సుత నవ్విన, ఎరుకున్నోని లెక్క. నాకు మాత్రం ఏం తెలుసు.

జనవరి 13

బావ మూడు తావులు చెప్పిండు. రాసుకుంటున్న, మరుస్త అని.

స్టేషను ఎదురుంగ ముసాఫిర్ఖానా. ఊకెనే, పైస లేకుండ పండుకోవచ్చు. కాని మొగోళ్లు ఒక దిక్కు, ఆడోళ్లు ఒక దిక్కు. ఇగ దీని మాటే వద్దు.

బజార్ల ఒక పాలమూరాయన నడిపే భోజనాల హోటలు. మేడ మీద నాలుగు చిన్న అర్రలు. రేకుల కప్పు. కిందికెల్లి పోపు వాసన వస్తదట. నులక మంచాలు. రెండు దినాలు ఉన్నా మన చేతికి బరువు గాదు.

మూడోది... పెద్ద హోటలు. తెల్ల బంగళ. పాలరాతి మెట్లు, ముంగట పచ్చగడ్డి, కరెంటు పంక, స్ప్రింగుల మంచం, తానానికి మనిషి మునిగే తెల్ల తొట్టి. సేట్లు, జమీందార్లు దిగుతరట. ఒక్క దినం కిరాయి బావ చెప్తె నోరు తెరిసిన. నా దగ్గరున్న దాంట్ల రైలు ఖర్చు ఉంచుకుంటె ఒక్క రాత్రికే సరిపోతది.

జనవరి 16

ఆమెకు చదివి ఇనిపించిన. తొట్టి కాడ నవ్వింది — "మనిషి మునుగుడేంది, ఎడ్లు కడుగుతరా?" అంతా ఇని ఒక్కటే అడిగింది.

"పాలమూరాయన అర్రకు లోపటికెల్లి గడియ ఉంటదా?"

"ఉంటది."

"మరి అది సాలు గదా."

జనవరి 17

సాలదు. నాకు సాలదు.

నేను నేసిన చీర గట్టుకున్నోళ్లు ఆ పాలరాతి మెట్ల మీద నడుస్తున్నరు. నా చెయ్యి పడ్డ జరీ ఆడికి పోతది, నేను పోవద్దా? ఒక్క రాత్రి ఆమెను పట్టపురాణి లెక్క ఉంచాలె. పోపు వాసనల ఉంచుతందుకా పట్నం?

జనవరి 22

ఏ హోటలో ఇంకా తెగలె. నేసుకుంట గదే, తినుకుంట గదే. తమ్ముడన్నడు — ఏందన్నా గట్ల పరేషాన్ ఉన్నవ్? ఏం లేదురా అన్న.

ఆమె మల్ల అన్నది, "రెండు దినాలైతె ఒక దినం నిద్రవోవచ్చు, ఒక దినం మాట్లాడుకోవచ్చు." ఏం మాట్లాడుతవే అన్న. "ఏమో. ఆడికి పోయినంక తెలుస్తది."

గా మాటకన్న తలొంచాలె గద నేను.

జనవరి 29

పెద్ద హోటలే. తెగింది. ఆమెకు చెప్పిన. "నీ ఇష్టం" అన్నది. మొకంల సంబురం ఎతికిన... ఉన్నట్టే అనిపించింది. ఉన్నదనుకున్న.

ఫిబ్రవరి 10, శుక్రవారం — పట్నం

అర్రల ఒక్కన్నే ఉన్న. రాయకపోతె తల పగిలేటట్టున్నది.

జట్కల వచ్చినం. బావ చెప్పినట్టే, పాలరాతి మెట్లు. ఆమె కాళ్లు కడుక్కుంటందుకు నీళ్లు యాడున్నయని అటిటు చూసింది. కొత్త నూలు చీర కట్టింది. మేం నేసేది పట్టు, కట్టేది నూలు. దాంట్ల తప్పేమున్నదనుకున్న.

గుమాస్త పుస్తకం తెరిసి కిరాయి చెప్పిండు. బావ చెప్పిందే. పానం కుదుటపడ్డది. మల్ల అన్నడు — అది ఒక్క మనిషికట. ఇద్దరికి రెండింతలు. కడితె తిరుగు టికెట్టుకు ఉండదు. ఓరి బావా! నువ్వెన్నడన్న లోపట కాలు పెట్టినవా?

గుమాస్త ఆమె దిక్కు చూసిండు. "యే కౌన్?"

ఏమనాలె? నలుగుర్ల నా పెండ్లాం అని నోటితోని అనం మేము. పేరు పెట్టి అసలే పిలువం. అమ్మ దినాం నూరుసార్లు "సత్తెమ్మా" అని పిలుస్తది, నేను ఒక్కసారి పిలిసింది లేదు. ఎవరన్న అడిగితె "మా ఇంటి మనిషి" అంటం. ఊరంత గట్లనే అంటది. నాకొచ్చిన ఉర్దూల గదే మాట అన్న — "హమారే ఘర్ కా ఆద్మీ."

"అచ్ఛా. నౌకర్" అన్నడు. రాసుకున్నడు. నౌకర్లకు ఎనక కొట్టాలున్నయట. దానికి కిరాయి లేదట.

అప్పుడు నోరు తెరిస్తె అయిపోతుండె. కాదు సాబ్, నా పెండ్లాం — గింతే. కాని కిరాయి లేదన్న మాట చెవుల పడంగనె పానం నిమ్మళమయింది. గదే నిజం, ఎవరికి చెప్పుకుంట. మాట తప్పు పోయిందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసే ఊకున్న.

"ఇక్కడ ఆడోళ్లను ఎనక ఉంచుతరట" అన్న ఆమెతోని.

"మరి మనం..."

"గిదే ఈడి ఖాయిదా."

సంచి నా చేతికిచ్చి హోటలు బేరా ఎంట పోయింది. మలుపు కాడ ఒక్కసారి తిరిగి చూసింది.

అదే దినం, పొద్దు గుంకినంక

స్ప్రింగుల మంచం మీద కూసుంటె కిందికి దిగుతది. పంక తిరుగుతుంది. దుప్పటి పట్టుకొని చూసిన, మిల్లు బట్ట. పోగులు వదులు. దీనికా ఇంత సోకు!

సంచి తీస్కొని దిగిపోదామనుకున్న. ఆమెను తోలుకొని పాలమూరాయన తావుకు పోదామనుకున్న. ఆడ గడియ ఉన్నది, నులక మంచం ఉన్నది. తలుపు దాకా పోయిన సుత. మల్ల అనిపించింది, ఎక్కిన మెట్లు ఎంటనె దిగితె గుమాస్త ఏమనుకుంటడు? వానికి నేనెవరు, నాకు వాడెవరు... వాని కోసం ఆగిన.

ఆమెను పైకి తోలియ్యమని బేరాను అడిగిన. గంట కొడితె వస్తదన్నడు. గోడకు ఒక బొత్తం. నొక్కిన.

వచ్చింది. చేతిల కూజ. బేరా ఎనక నిలవడ్డడు, ఎట్ల పోయాల్నో చూపెట్టుకుంట. ఆమె గిలాసల నీళ్లు పోసింది. ఒక్క చుక్క కింద పడలె. పంక దిక్కు చూసింది, మంచం దిక్కు చూసింది. నా దిక్కు చూడలె. నేను నీళ్లు తాగిన. ఏం జేయాల్నో తెల్వక తాగిన!

"ఇంకేమన్న గావాల్నా?" అన్నది.

ఏం వద్దన్న. ఆమె బయటికి పోంగనె బేరా తలుపు దగ్గరికేసిండు.

ఫిబ్రవరి 11 — రైలు

ఎదురుంగ కూసున్నది. కిటికీల కెల్లి చూస్తుంది. మహబూబ్‌నగర్ దాటినంక తనే మాట తీసింది.

"ఎనక ఉన్నోళ్లంత ఆయాలేనట. మంచోళ్లే. నాకు రొట్టె ఇచ్చిన్రు. నువ్వు ఏ దొర దగ్గర చేస్తవని అడిగిన్రు."

"ఏమన్నవ్?"

"గద్వాల దొర దగ్గర అన్న."

నేను నవ్విన. థూ, నా బతుకు! పరాషికమనుకున్నట్టు నవ్విన. ఆమె మల్ల కిటికీ దిక్కు తిరిగింది.

ఫిబ్రవరి 12

ఇంటికొచ్చినం. పిల్లలు మీద పడ్డరు. అమ్మ — "ఎట్లున్నదిరా పట్నం?" మంచిగున్నదన్న.

ఫిబ్రవరి 14, మంగళవారం

పక్కింటి ఎల్లమ్మ వచ్చి కూసున్నది, హోటలు ముచ్చట్లు చెప్పమని. నేను మగ్గం గుంతల ఉన్న. మా ఆమె బియ్యం ఏరుకుంట చెప్తుంది.

"మంచం మీద కూసుంటె మునిగిపోతమక్కా. నెత్తి మీద పంక గిర్రున తిరుగుతది. సలి!"

"అవ్వో. మరి ఎట్ల పండుకున్నరే?"

"ఎట్ల పండుకుంటం... ఒక్కటే దుప్పటి ఇద్దరం కప్పుకున్నం."

ఎల్లమ్మ ఆమె తొడ మీద గిల్లి నవ్వుతుంది. ఆమె సుత నవ్వుతుంది. నా చేతుల నాడె ఆగింది. నా మొకం నిలవెడుతుంది ఊర్ల. నేను పోగొట్టినదాన్ని ఆమె అల్లి ఎల్లమ్మ ఒళ్లె పెడుతుంది. తిట్టినా బాగుండు. ఈపు మీద రెండు గుద్దినా బాగుండు.

ఫిబ్రవరి 15

ఏం రాయబుద్ధి అయితలేదు.

ఫిబ్రవరి 20

ఈరన్న బావ వచ్చిండు. "ఎట్లుండె నేను చెప్పిన హోటలు?" అని మీసం దువ్వుకుంట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క మనిషి కిరాయి చెప్పి నన్ను తీస్కపోయి ముంచినవని అరిసిన. బావ బిత్తరపోయిండు.

ఆమె చాయ తెచ్చి బావ ముంగట పెట్టింది. "అన్ననేమనకు. ఆయనది తప్పేం లేదు" అన్నది, నెమ్మదిగ.

నేను మగ్గం గుంతలకు దిగిన. బావ చాయ తాగి పోయిండు.

ఫిబ్రవరి 26

కొత్త చీర మగ్గం ఎక్కింది. ఎర్ర అంచు. ఆమె అంచు నాడె ఎప్పటిలెక్కనే వస్తుంది, ఒక్క పోగు తప్పలె. ఇదివరకు నేసుకుంట ఏదో ఒకటి చెప్తుండె — బజారు ముచ్చట, తన తల్లిగారి ఊరు మానవపాడు ముచ్చట, చిన్నప్పుడు వాగు సెలిమెల పడ్డది. నేను ఊ కొడుతుంటి. సగం ఇనకపోతుంటి. ఇప్పుడు చెవులు తెరుసుకొని కూసున్న, ఏం చెప్తలేదు.

అలిగినవా అని అడిగిన. "అలుగుతందుకు ఏమున్నది?" అన్నది. తెగిన పోగు ముడేసింది.

మార్చి 2

పాలమూరాయన అర్రల రెండు దినాలు. ఒక దినం నిద్ర, ఒక దినం మాటలు. ఏం మాట్లాడుతుండెనో. ఇగ నాకెన్నడు తెల్వదు. మల్ల తోలుకపోత అందామనుకుంట. ఏ మొకం పెట్టుకొని అనాలె?

మార్చి 5, ఆదివారం

తమ్ముని అత్తగారిది లింగాల. ఆడ ఒక బిడ్డకు పుట్టు ఎంట్రుకలు తీస్తరట, బండి కట్టించుకొని అందరు పోయిన్రు. అమ్మ సుత. మాపటికి గాని రారు.

ఇంట్ల ఇద్దరమే.

ఇంత సప్పుడు లేకుండ ఈ ఇల్లు ఎన్నడు లేకుండె. ఆమె నడింట్ల కూసొని కండెలు సుడుతుంది. రాట్నం ఒక్కటే ఇనవస్తుంది. నేను గుంతల కెల్లి లేసిన. తలుపు కాడికి పోయి తలుపేసిన. గడియ పెట్టిన. ఆమె చూడలె.

చెప్పాలె. తప్పు మాట పోయిందని కాదు, తెలిసే ఊకున్ననని. అది చెప్పకుంటె ఏం చెప్పినా చెప్పినట్టు కాదు. పొద్దుగాలకెల్లి మాటలు కూడగడుతున్న. ఎట్ల మొదలు పెట్టాల్నో తెల్వక...

"సత్తెమ్మా" అన్న.

రాట్నం ఆగింది. ఉలిక్కిపడి లేసింది. కండె కింద పడి దొర్లింది. మొకం తెల్లగయ్యింది.

"ఏమయింది? ఎవరన్న పోయిన్రా?"

తలకాయ ఊపిన, ఎవరు పోలేదని. ఆమె నా దిక్కు చూస్తుంది, పట్నంకెల్లి వచ్చినంక మొదటిసారి సూటిగ. కొంగుతోని చేతులు తుడుసుకుంట గట్లనే నిలవడ్డది, నేనేం చెప్తనో అని.