ఆదివారం బీపీ దళం

జూలై 5, ఆదివారం

నిర్ణయం! ఇకనుంచి ప్రతి ఆదివారం మా రైల్వే కాలనీలో ఉచితంగా బీపీ చూడాలి. నేనొక్కదాన్నే కాదు, ఎంబీబీఎస్ రెండో ఏడాది మొత్తాన్నీ దించుతాను. 'ఆదివారం బీపీ దళం' అని వాట్సాప్ గ్రూపు పెట్టాను. అడ్మిన్: స్పందన, అంటే నేనే. మధ్యాహ్నానికి ముప్ఫై మంది చేరి తలా ఒక దండం బొమ్మ పెట్టారు. బిలాస్‌పూర్ ఆరోగ్యం ఇక నా చేతుల్లో ఉంది.

తెల్లకోటు ఇస్త్రీ చేయించాను. అద్దం ముందు ఫొటో దిగాను. ఎడమవైపు నుంచి ఎక్కువ దయగా కనిపిస్తున్నాను.

మొదటి బీపీ నాన్నదే. లోకో పైలట్ త్రినాథరావుగారు కదా, ప్రారంభోత్సవానికి బాగుంటుందనుకున్నాను. డ్యూటీ దిగి వచ్చిన మనిషి చెయ్యి వెనక్కి లాక్కుని, నిద్రొస్తోందని వెళ్లి పడుకున్నారు.

జూలై 12, ఆదివారం

దళంలో వచ్చినవాళ్లు: నేను, రాజశ్రీ. మిగతావాళ్లలో ఆరుగురి మేనమామలకు ఇవాళే పెళ్లట. పాపం, ఇంతకాలం ఎందుకు ఆగారో.

కమ్యూనిటీ హాలు ముందు బల్ల వేసుకుని కూర్చున్నాం. మామ్మలు బాగానే వచ్చారు. పక్క క్వార్టర్ అప్పలకొండ మామ్మ, ఊరికే చూస్తున్నారు కదా అని రెండు చేతులకీ చూపించుకుంది. రోజూ మాత్ర వేసుకుంటుందట, బీపీ అదుపులోనే ఉంది. రైలు డ్రైవర్లు మాత్రం ఒక్కరూ రాలేదు. బల్లని చూడగానే రోడ్డు దాటి అటువైపు నుంచి వెళ్లిపోయారు. అప్పు ఇచ్చినవాణ్ణి చూసినా ఇంత గబగబా దాటరు.

జూలై 19, ఆదివారం

సంగతి అమ్మ చెప్పింది. "మెడికల్లో బీపీ ఉందని తేలితే బండి దించీస్తారే. నువ్వు తెల్లకోటేసుకుని వీధిలో కూకుంటే ఎవుడొస్తాడు?" మెడికల్ అంటే డ్రైవర్లకు రైల్వేవాళ్లు చేసే వైద్యపరీక్ష. బండి దించడమంటే నడిపే పని తీసేసి షెడ్డులో కూర్చోబెట్టడం. నేను పేర్లు రైల్వే ఆస్పత్రికి పంపుతున్నానని కాలనీలో పుకారట.

కోటు విప్పేశాను. 'ఇక్కడ ఎవరి పేరూ రాసుకోం' అని అట్టమీద రాసి పెట్టాను. దాంతో అనుమానం ఖాయమైపోయి మామ్మలు కూడా తగ్గారు. రాజశ్రీకి జలుబు.

జూలై 26, ఆదివారం

వాన. పదింటికే ఆగింది కానీ, ఆగుతుందని ముందే ఎవరికి తెలుసు? అయినా జనానికి అక్కర్లేని సేవ చేయడం ఒకరకంగా దౌర్జన్యం. దుప్పటి కప్పుకుని ఈ విషయం లోతుగా ఆలోచించాను.

ఆగస్టు 2, ఆదివారం

ఫార్మకాలజీ పరీక్ష దగ్గరపడింది. బీపీ మందుల పాఠం చదవడమూ సేవే. చదవలేదు. గ్రూపులో ఎవరో పాత స్కూటీ అమ్ముతామని పెట్టారు. దళ నాయకురాలిగా మైలేజీ ఎంతని నేనే ముందు అడిగాను.

ఆగస్టు 6, గురువారం

అప్పలకొండ మామ్మ గేటు దగ్గర ఆపింది. వచ్చేవారం నాన్నకి మెడికల్. ఆ పొద్దున వేసుకోవడానికి మామ్మ దగ్గర మాత్ర అడిగి పట్టుకెళ్లారట. పోయినసారీ అంతేనట.

"నీతో సెప్దామని రెండు ఆదివారాలు ఆ హాలుకాడ కూకున్నానే బుల్లీ. నువ్వు రాలేదు."

ఒక ఆదివారం దుప్పట్లో ఉన్నాను, ఇంకో ఆదివారం స్కూటీ మైలేజీ అడుగుతున్నాను. సిగ్గేసింది.

సాయంత్రం మిషను పట్టుకుని నాన్న ముందు కూర్చున్నాను. "ఇరవయ్యేళ్లు బండి తోలినాను. దించీస్తే నానేటైపోతాను?" అన్నారు. పాఠం చదివి ఉంటే ఏదైనా జవాబు చెప్పేదాన్నేమో. ఏడుపొచ్చేసింది. బండి నడుపుతూ నువ్వు కూలిపోతే నేనేమైపోవాలి, వెనక బోగీల్లో కూర్చున్నవాళ్లు ఏమైపోవాలి అన్నాను. నాన్న చెయ్యి చాపారు.

178/108. కాసేపాగి మళ్లీ చూశాను. అంతే ఉంది.

ఆగస్టు 10, సోమవారం

నాన్న తనే రైల్వే ఆస్పత్రికి వెళ్లి చెప్పేశారు. మందులిచ్చారు. బీపీ అదుపులోకి వచ్చేదాకా బండి ఎక్కొద్దన్నారు, ఆ తర్వాత మళ్లీ చూస్తారట. ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నారు. కూత వినపడినప్పుడల్లా అది ఏ బండో, ఎంత ఆలస్యమో అమ్మకి చెబుతున్నారు. నాతో మాట్లాడడం లేదు.

ఆగస్టు 16, ఆదివారం

ఏడింటికి ఎవరో భుజం పట్టి కుదిపారు. నాన్న. వారం రోజుల్లో నాతో అన్న మొదటి మాట ఇది:

"లెగు. హాలుకాడ బల్ల ఏసీసినాను. ఇద్దరు డ్రైవర్లని లాక్కొచ్చి కూకోబెట్టినాను. ఆలు ఎలిపోకముందే రా."

మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తాను. నాన్నే ముందు కూర్చుని, వాళ్లిద్దరూ చూస్తుండగా చొక్కా చెయ్యి పైకి మడిచారు. తర్వాత వాళ్లూ మడిచారు.

నిర్ణయం! ఇకనుంచి ప్రతి ఆదివారం కాలనీలో బీపీ చూడాలి. ఈసారి ఎగ్గొట్టే వీల్లేదు. నాన్నకి డ్యూటీ లేదు.