ఆర్విడ్ మామయ్య మొహమాటం

సోల్వేగ్ అత్తయ్యకు,

చర్చిలో పాస్టరుగారు మామయ్య త్యాగాన్ని పొగుడుతుంటే నేను తలెత్తలేకపోయాను. మామయ్య పోయిన రోజు ఫ్లూ రోగులతో ఆసుపత్రి నిండిపోయి ఒక్క వెంటిలేటరే మిగిలింది. మామయ్యా, స్కూలు బస్సు నడిపే ఒకావిడా ఊపిరాడక అల్లాడుతున్నారు. డాక్టరుగా తేల్చాల్సింది నేనే.

"మామయ్యా, మీకు పెట్టమంటారా?" అన్నాను.

"ఎందుకులేమ్మా, నేను బానే ఉన్నా. ఆవిడకి పెట్టు," అన్నారు, మిషన్ వైపే చూస్తూ.

ఎంత తేలికపడ్డానో! వెంటనే మిషన్‌ని ఆవిడ వైపు తోయించేశాను.

మన మిన్నెసోటాలో మొదటి మాటకే ఎవరు ఔనంటారు? మీ వంటింట్లో పెరిగినదాన్ని, నాకు తెలీదా?

అంత్యక్రియలయ్యాక మీరు కాఫీ ఇవ్వబోతే వద్దన్నాను. మళ్లీ అడిగారు, వద్దన్నాను. మూడోసారి అడిగాక కప్పు అందుకున్నాను.

మామయ్యను నేను ఒక్కసారే అడిగాను.