ఐదు లక్షలు చాలన్నాను

బుధవారం, రాత్రి

వచ్చే నెల నుంచి పని మానేస్తున్నానని ఈరోజు బండల ఫ్యాక్టరీలో ఊరికే కోతలు కోశాను. అందరూ నవ్వారు. నాతో మిషను మీద పనిచేసే ఓబులేసు మాత్రం నవ్వలేదు.

"ఎంత దాచినావన్నా? ఎంతుంటే చాలు?"

"ఐదు లక్షలప్పా. రెండు రూపాయల వడ్డీకి తిప్పితే నెలకు పదివేలు. కాలు మీద కాలేసుకొని తినొచ్చు."

నా దగ్గర ఐదు వేలు కూడా లేవు.

సాయంత్రం ఓబులేసు బస్సు దగ్గరికి దగ్గుకుంటూ వచ్చాడు. "చేను అమ్మిన దుడ్లు అంతే ఉండాయన్నా. ఇంక పనికి రానని రేపు ఓనరుకు చెప్పేస్తా. నువ్వు చెప్పకుంటే నాకీ ధైర్యం యాడిది?"

వానల్లేని ఏడు మా పల్లెల్లో వడ్డీ కట్టే మొనగాడెవడు? అసలు కూడా తిరిగి రాదు. ఎంతుంటే చాలుతుందో నాకు మాత్రం ఏం తెలుసు?

తమాషాకన్నానని చెప్పేయాలి. కానీ ఆ దగ్గు రోజూ వింటున్నాను. రాతిదుమ్ములోకి పోవద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నేను నిజం చెబితే రేపు మళ్లీ ఆ దుమ్ములోనే నిలబడతాడు. చెప్పకపోతే చేను దుడ్లు ఎవడో మింగుతాడు.

పొద్దున వాడు ఓనరు గదిలోకి పోయేలోపు ఏదో ఒకటి అనాలి. ఇంత నోరుండీ, ఒక్క మాట తోచడం లేదు...