క్లీటస్ తిట్టడం మానేశాడు

డేటన్, 1996 ఫిబ్రవరి 6

పద్నాలుగేళ్ళ తర్వాత మా ఫంక్ బ్యాండ్ మళ్ళీ ఆల్బమ్ చేస్తోంది. మొదటిరోజే ఒళ్ళు మండింది. ప్రొడ్యూసర్ ట్రెంట్‌కి ముప్పై కూడా నిండలేదు. నేను వాయించిన డ్రమ్స్ కంప్యూటర్లో పెట్టి సరిచేస్తాడట. బీట్ కాస్త వెనకబడుతోందట. ఒరేయ్, ఆ వెనకబడ్డమేరా ఫంక్! దానికే కదా దేశమంతా నడుం తిప్పింది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ.

ఫిబ్రవరి 7

ఇంకా మండుతూనే ఉంది.

ఫిబ్రవరి 9

ఇవాళ రెండుసార్లు స్టిక్ జారింది. ఎవరూ కిక్కురుమనలేదు. మా బ్యాండ్లో ఒకడు తప్పు చేస్తే మిగతావాళ్ళు వాడి తల్లిని కూడా వదలరు. అప్పట్లో సిన్సినాటిలో నేనొక బీట్ మింగేస్తే, మా బేస్ గిటార్ క్లీటస్ బస్సులో దారంతా వాయించాడు. నీకంటే మీ అమ్మ చేసే మాకరోనీ నయంరా, ఎంత లేటైనా చివరికి వస్తుంది అని. మా అమ్మ విని పడీపడీ నవ్వింది.

ఇవాళ వాడు నావైపు చూడనైనా లేదు. బాగుంది, ఇంకోసారి చేద్దాం అన్నాడు. బాగుందట! ముప్పై ఏళ్ళలో వాడి నోట నాకా మాట రాలేదు.

ఫిబ్రవరి 12, పొద్దున

ట్రెంట్‌తో తాడోపేడో తేల్చుకుందామని వెళ్ళాను. నా డ్రమ్స్ ఒక్కటే వినిపించమన్నాను. వినిపించాడు. కాలు బాగుంది. ఎడమ చెయ్యి బాగుంది. హై-హ్యాట్ జంట తాళాల మీద కుడిచెయ్యి కుంటుతోంది. తర్వాత బేస్ కలిపాడు. కుంటడం మాయం. నేను తడబడ్డ ప్రతిచోటా క్లీటస్ నాకోసం ఆగుతున్నాడు.

సరిచేయమన్నది కూడా క్లీటసేనట. నాకు చెప్పొద్దన్నాడట.

అదేరోజు, సాయంత్రం

వాడి వాకిట్లో నిలబడి వీధంతా వినేలా అరిచాను. నా చెయ్యి సంగతి ఎన్నాళ్ళ నుంచి తెలుసురా అంటే, రెండేళ్ళ నుంచి, ప్రతి షోలోనూ చూస్తున్నా అన్నాడు. మరి నోరెందుకు పడిపోయింది నీకు అన్నాను. ఉత్తుత్తి తప్పయితే ఏడిపిస్తాం గానీ, నిజంగా చెయ్యి పోతున్నవాణ్ణి ఏమని ఏడిపించనురా అన్నాడు. వాళ్ళావిడ పోర్క్ చాప్స్ తిని వెళ్ళమంది. తినలేదు.

చెయ్యి పోయినందుకు కాదు నా కోపం. వాడు నన్ను చూసి జాలిపడ్డాడు.

ఫిబ్రవరి 13

మానేస్తున్నానని ట్రెంట్‌కి ఫోన్ చేసి చెప్పాను. మిషన్‌తోనే వాయించుకోమన్నాను.

ఫిబ్రవరి 15

సరిచేసిన పాట ట్రెంట్ ఇంటికొచ్చి వినిపించాడు. ఒక్క తప్పు లేదు. మనిషీ లేడు. పాపం, వాడికీ నచ్చలేదట.

ఫిబ్రవరి 19

మళ్ళీ స్టూడియోకి వెళ్ళాను. క్లీటస్ తన బేస్ తర్వాత రికార్డ్ చేస్తానని వచ్చి నా స్టూల్ మీదే సగం కూర్చున్నాడు. హై-హ్యాట్ వాడు, మిగతాది నేను. వెధవ, బీట్‌ని పరిగెత్తిస్తున్నాడు. వాయిస్తూనే తిట్టాను, వాళ్ళమ్మతో సహా. అదంతా టేపులో పడింది.

తీసెయ్యనివ్వను.