మంచం కింద గొంతు

ప్రియమైన నాన్నా,

నీ రెండు బుగ్గలకూ ముద్దులు. అమ్మా, నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ అత్తయ్య ఇంట్లో నీ విరిగిన తుంటి ఎముక ఆమె మాట వింటోందని తలుస్తాను. కర్ర లేకుండా సినిమా హాలు దాకా నడిచావట. అమ్మ అది చదివి, "ఈ ముసలాడికి బుద్ధి రాదు" అంది. నేను చెప్పానని అనకు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు.

అవును, నువ్వు ఆ సినిమా తెర మీద చూసింది మన ఊరి హాల్లో ఆడే పాత ఒపేరానే, ఆ పాటల నాటకమే. దాని కథను ఆసుపత్రిలోకి మార్చింది మిలాన్ నుంచి వచ్చిన దర్శకుడు గవాజ్జి. నాయిక దగ్గినప్పుడల్లా వెనక గోడ మీద అంత పెద్ద ఊపిరితిత్తులు ఎందుకని నేనూ అడిగాను. "అవి ఊపిరితిత్తులు కావు, సమాజం" అన్నాడు.

నేను కూర్చుని గాయకులకు మాటలందించే నా పెట్టె ఏమైందన్నావు. పీకేశారు. వేదిక అంచున తొంభై ఏళ్లుగా ఉన్న పెట్టె కెమెరాకు అడ్డమట.

"ఇది ప్రత్యక్ష ప్రసారం అమ్మాయ్. ఆసుపత్రిలో ప్రాంప్టర్ ఉంటుందా?" అన్నాడు గవాజ్జి.

చచ్చిపోతున్న మనిషి పావుగంట పాడే ఆసుపత్రి మాత్రం ఎక్కడుందని అడగాలనిపించింది. అడగలేదు. నా సంగతి నీకు తెలుసుగా.

నాయిక పాత్ర పాడే సిన్యోరా ఓర్నెల్లా ఊరుకోలేదు. "చరణం చరణానికీ మొదటి మాట అందించే మనిషి లేకపోతే ఆ మంచం మీద నిజంగానే చస్తాను. అప్పుడు నువ్వు పాడతావా నాయనా?" అంది. చివరికి రాజీ కుదిరింది. నన్ను ఆమె మంచం కిందే పెట్టారు. చక్రాల మంచం, నాన్నా! నర్సు వేషం కట్టినామె దాన్ని తోసినప్పుడల్లా నేను మోకాళ్ల మీద వెంట పాకాలి. దుప్పట్లో మైకులున్నాయి కాబట్టి నోరు మెదపకూడదు. కెమెరాలకు కనపడని వైపు నుంచి మాటలు రాసిన అట్టలు చూపాలి. "ఒక్క గుసగుస వినిపించిందా, నీకదే ఆఖరి రోజు" అన్నాడు గవాజ్జి.

కళ్లజోడు లేకపోతే ఓర్నెల్లాకు అట్ట కాదు కదా, గోడ కూడా కనపడదు. పరువు పోతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసీ నేనూ చెప్పలేదు.

ఇక నీ చివరి ప్రశ్న. మూడో అంకంలో ఆమె ఆగిపోయినప్పుడు అరిచిన "ఆ సిగ్గులేని నర్సు" ఎవరని. ఇది వెనక్కి నెట్టడానికే ఇప్పటిదాకా కాగితం నింపాను.

మాట మరిచి ఆమె ఆగిపోయింది. వాద్యబృందం నాయకుడి చెయ్యి గాల్లో నిలిచిపోయింది. నేను అట్ట ఊపాను. పైనుంచి ఆమె చెయ్యి వేలాడి, తడుముకుని, నా జుట్టు పట్టుకుంది. గుసగుసగా అందిద్దామనే నోరు తెరిచాను. ఆడపిల్ల గొంతు పక్క బల్లకు వినపడకూడదని కాన్వెంటు బడిలో సిస్టర్ చెలెస్తీనా పదేళ్లు నేర్పింది కదా. ఆ పదేళ్లూ ఒక్కసారే అరుపై బయటికొచ్చాయి.

నర్సు కాదు నాన్నా. నేనే.

ఓర్నెల్లా మాట అందుకుంది, చివరిదాకా పాడింది, చక్కగా చచ్చింది. పై గ్యాలరీ అంతా చప్పట్లతో లేచి నిలబడింది. గవాజ్జి సోమవారం నుంచి రావద్దన్నాడు. డిస్కుల్లో నా గొంతు చెరిపేస్తారట.

నువ్వు గుర్తుపట్టలేదని బాధ లేదు. ఇంట్లో ఉప్పు అడగడానికి కూడా నేనెప్పుడూ అంత గొంతు వాడలేదు. కానీ ఆ అరుపు వినగానే రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని సినిమా హాల్లో ఈల వేశానని గర్వంగా రాశావు చూడు! ఇక్కడి పై గ్యాలరీలో ముప్పై ఏళ్లు ఎందరో గాయకులను ఏడిపించిన నీ ఈల అది! మన ఊళ్లో ఈల వేయడమంటే ముఖాన ఉమ్మడమే. ఆ ఈల నాకు తగిలింది.

శనివారం బస్సుకు వస్తున్నాను. అమ్మ మాంసం కూరిన అనోలినీ పంపుతోంది. నేను చేసింది తప్పనుకుంటే ఎదురుగా నిలబడి ఈల వెయ్యి. వంటింట్లో ఉన్న అత్తయ్యకు కూడా వినపడేలా జవాబు చెబుతాను.

ఇట్లు,
నువ్వు ఈల వేసిన నీ కూతురు
ఎర్సీలియా