పక్కకు పంపిన పాత్ర

2 మే 1962, బుధవారం

ఈ ఆదివారం నన్ను మళ్ళీ ప్రభు భోజనపు బల్ల దగ్గరికి, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునేందుకు రానిస్తారు. తొమ్మిది నెలలుగా చుక్క ముట్టలేదని పాస్టరు అయ్యగారే ప్రార్థనలో పేరు పెట్టి చెప్పారు. సంఘపెద్ద దావీదు మాత్రం కళ్ళు మూసుకోకుండా నన్నే చూస్తూ ఆమేన్ అన్నాడు. చూడనీ.

కాంతమ్మకు కార్డు రాశాను. పోయిన ఏడు ఇందుకూరుపేటకు, పుట్టింటికి పోతూ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది — "సంఘం నిన్ను బల్లలోకి తీసుకున్న రోజు వస్తా. నీ ఒట్లు నాకొద్దు." నా పెళ్ళాం నన్ను నమ్మదు, సంఘాన్ని నమ్ముతుంది. సరే, అట్లాగైనా రానీ.

3 మే

గూడూరు దాకా గూడ్సు ఇంజను మీద డ్యూటీ. రోహిణి కార్తె రాకముందే ఈ ఎండ. బొగ్గు ఎత్తి పోసి, ఎత్తి పోసి నాలుక పిడచకట్టుకుపోయింది. ఒకప్పుడు ఈ దాహానికి మందేమిటో నాకు బాగా తెలుసు. ముంత మీద ముంత నీళ్ళు తాగాను. "ప్రభువా, నా వంతు నేను చేశాను, ఇక నీ వంతు" అన్నాను. ఆయనతో ఇట్లాగే మాట్లాడతాను. ఇంకోరకం నాకు రాదు.

4 మే

సుందరమ్మ అవ్వకు జ్వరం. బల్ల కోసం ద్రాక్షరసం ఎప్పుడూ నెల మొదటి ఆదివారం తెల్లవారే కాస్తుంది. ఈసారి లేవలేనేమోనని నిన్ననే ఎండుద్రాక్ష కాచి, వడగట్టి కుండలో పోసి పెట్టిందట. ఇరవై ఏళ్ళుగా సంఘానికి రసం ఆమె చేతిదే. ఆ పని తన కోడలికి ఇప్పించాలని దావీదు ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నాడు.

సరుగుడు తోపులో తాగి ఇసుకలో పడి ఉన్న నన్ను లేపి, ఇంటికి నడిపించి, మజ్జిగ పోసింది ఈ అవ్వే. మద్యనిషేధమంతా కాగితం మీద... తోపులో సారాకు ఏ రోజూ సెలవు లేదు.

6 మే, ఆదివారం

పాత్ర వదిలేశాను.

రొట్టె తీసుకున్నాను. రసం పాత్ర చేతులు మారుతూ వచ్చింది. నోటి దాకా ఎత్తాను — వాసన. పులిసింది. మూడు రోజుల ఎండకు కుండలో పులిసి కూర్చుంది. పదహారేళ్ళు తాగినవాడి ముక్కు ఇది, పొరబడదు. ఒక్క గుక్కే కదా అనొచ్చు ఎవరైనా. నాకు ఎప్పుడూ ఒక్క గుక్కతోనే మొదలైంది. తాగకుండా పక్కనున్న సామేలుకు అందించాను.

మా సంఘంలో పాత్రను తాగకుండా పక్కకు పంపడమంటే ఒకటే అర్థం. ఒప్పుకోని పాపం ఉంది అని. చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి.

ఎన్నడూ తాగని వాళ్ళకు కాస్త పుల్లగా అనిపించి ఉంటుంది, అంతే. సామేలు మటుకు రెండు గుక్కలు లాగి మీసం తుడుచుకున్నాడు. నాతోపాటు ఇంజను మీద పనిచేసేవాడు, చాటుగా తాగేవాడు. వాడికి తెలిసింది. నా వైపు చూడలేదు.

7 మే

గుడి వసారాలో విచారణ.

"తాగినావా రత్నం?" — అయ్యగారు, మెత్తగా.

"లేదయ్యా."

"మరి పాత్ర ఎందుకు వదిలినావు?"

"కుక్క తోక వంకరేనయ్యా, నేను ముందే చెప్పలా?" అన్నాడు దావీదు. మళ్ళీ బల్లకు దూరం.

చెబితే ఏమవుతుంది? అవ్వ సంఘమంతటి చేత పులిసింది తాగించిందని అవుతుంది. ఇరవై ఏళ్ళ పని దావీదు కోడలి చేతికి పోతుంది. జ్వరంతో మూలుగుతున్న ముసలిదాన్ని ముందుకు తోసి నేను పరిశుద్ధుణ్ణి కావాలా? అట్లాంటి పరిశుద్ధత నాకు అక్కర్లేదు.

8 మే

అవ్వను చూడబోయాను. "నా చేతిది తాగకుండా వదిలినావంటనే... ఏం పాపం చేసినావురా అబ్బయా?" అని ఏడ్చింది. చేయి పట్టుకుంటే కాలిపోతోంది.

కుండ మూలన ఉంది. అడుగున ఇంకా రసం, పైన నురగ. అయ్యగారి ముందు పెడితే చాలు, నా మాట రుజువవుతుంది. పెరట్లోకి తీసుకెళ్ళి పారబోశాను. బూడిదతో తోమి బోర్లించాను. అవ్వ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చి కాంతమ్మకు ఇంకో కార్డు. "పాత్ర వదిలాను. తాగలేదు. ఎందుకో చెప్పను."

14 మే

షెడ్డులో సామేలు. "తాగినావనే అంటుండారు గదా. ఎట్టాగూ అనిపించుకున్నాక తాగితే పోయేదేందిరా? దా, తోపుకు పోదాం."

ఇక్కడ అబద్ధం రాయను. ఈ తొమ్మిది నెలల్లో ఇంత తియ్యటి మాట ఎవరూ చెప్పలేదు.

"వాళ్ళన్నారని తాగేదానికి వాళ్ళేమన్నా నా దేవుళ్ళా? అది సరే గానీ, నువ్వు రెండు గుక్కలెందుకు తాగినావో అయ్యగారికి చెప్పు, పో."

వాడి మొహం మాడిపోయింది. "చెప్తే నేను దొరికిపోతా గదరా."

నవ్వొచ్చింది. నిజం తెలిసిన ఒక్కగానొక్క సాక్షి, నోరు విప్పితే వాడే ముద్దాయి.

20 మే, ఆదివారం

గుడికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళకూడదు? గుమ్మం దగ్గర చివరి చాప. అందరికంటే గట్టిగా పాడాను. నాకు రాగం ఏనాడూ కుదరలేదు. దావీదు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడో చరణం ఇంకా గట్టిగా ఎత్తుకున్నాను.

23 మే

"నీకు తెలుసు గదా. అయ్యగారి చెవిలో ఒక్క మాట ఊదొచ్చు గదా" అని ప్రభువును అడిగాను. మోకరించి మోకరించి మోకాళ్ళు నొప్పి.

తాగను. నీ మీద కోపంతో కూడా తాగను, విన్నావా.

29 మే

కాంతమ్మ దగ్గర నుంచి ఏమీ లేదు. పోస్టుమాన్ నన్ను చూసి దారి మార్చుకుంటున్నాడు, పాపం.

1 జూన్, శుక్రవారం

అవ్వ కబురు పంపింది. లేచి తిరుగుతోంది. ఎండుద్రాక్ష పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈసారి రసం నువ్వు కాయి."

"బల్లలో లేనోణ్ణి, నేనా అవ్వా?"

"ముక్కుండేది నీకే గదా. జ్వరంలో నాకు తెలీలా. నువ్వు కుండ తోమి బోర్లించినావు చూడు, ఆ పొద్దే అనుమానం తగిలింది. మగోడు ఊరికే కుండ తోమడు."

ఆదివారం అందరి ముందూ లేచి చెప్తానంది. వద్దవ్వా, దావీదు నీ పని తీసేస్తాడు అన్నాను.

"తీసేయనీ. నా తప్పు నువ్వెందుకు మోస్తావురా? మోసేవాడు పైన వేరే వుండాడు."

పొట్లం పట్టుకుని వచ్చేశాను. దారిలో ఏడ్చాను కూడా.

2 జూన్, శనివారం

సాయంత్రం పాసింజరుకు కాంతమ్మ దిగింది. చేతిలో చిన్న సంచి. అరుగు దగ్గర ఆగి, నా మొహంలోకి చూసి, "ఊదు" అంది.

కాపురం చేసిన పదేళ్ళూ అంతే. డ్యూటీ దిగి వస్తే గడప బయట నోరు వాసన చూశాకే అన్నం. అప్పట్లో ఊదడానికి భయం. ఇవాళ ఉప్పుచేప వాసన తప్ప ఏమీ లేదు. ఒక్కసారి ఊదితే అయిపోయేది.

"ఊదను."

"అంటే?"

"తాగలా. కార్డులో రాసినా. నమ్మితే లోపలికి రా, లేకపోతే తిరుగు బండి వుండాది."

పొగరే. నాకు తెలుసు. తాగినన్నాళ్ళూ కాళ్ళు పట్టుకున్నాను, తాగనివాణ్ణయ్యాక ఎందుకు పట్టుకోవాలి?

బండి కూత వేసి పోయింది. ఆమె అరుగు మీద నుంచి లేవలేదు. లోపలికీ రాలేదు. అన్నం పళ్ళెం అక్కడే పెట్టాను. తినింది. ఉప్పు ఎక్కువైందని కూడా అంది.

3 జూన్, ఆదివారం

తెల్లవారుతూనే పెరట్లో పొయ్యి వెలిగించి రసం కాచాను. కాంతమ్మ అరుగు దిగి వచ్చి, ఏమిటని అడగకుండా నిలబడింది. వడగట్టాక వంగి వాసన చూసింది. నా నోరు కాదు, కుండను. నా వైపు తిరిగి చూసింది. ఏదో అర్థమైనట్టే ఉంది, బయటపడదు.

"ఆడోళ్ళ వైపు ముందు చాపలో కూర్చుంటా" అంది చివరికి. "పాత్ర నీ దగ్గరికొచ్చినప్పుడు చూస్తా."

వస్తుందా? నన్ను దాటించి పంపిస్తారేమో. అవ్వ లేచి చెబుతుందో, దావీదు మధ్యలోనే కూర్చోబెడతాడో. కాంతమ్మ మళ్ళీ సంచి తీసుకుంటుందో. ఏమీ తెలియదు. భయంగా ఉంది.

మొదటి గంట కొట్టారు. రసం చల్లారింది. చివరి చాప మీద మాత్రం కూర్చోను.