చప్పుడు ఆగిన చోట

దాజీ పేట్, షోలాపూర్

సముద్రం ఒడ్డు చేరిన నా మనిషికి,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా కట్ చేస్తున్నానని కోపం వచ్చి ఉంటుంది. రానీ. నీ గొంతు వింటే అనాల్సింది అనలేక ఏడుస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను. బీడీలు చుట్టే వేళ్లు కదా, అక్కడక్కడా పొగాకు మరకలుంటాయి, సర్దుకుని చదువు.

సేఠ్ తన కరెంటు మగ్గాలను, ఆ సాంచాలను, తుక్కు కింద అమ్మేశాక నువ్వు చద్దర్లు అమ్ముకుంటానని మూట భుజానేసుకుని ఆ ఊరికి వెళ్లావు. అప్పటినుంచి ఫోన్లో ఒకటే పాట. "మంగళా, ఒక్కసారి వచ్చి సూడు. నచ్చితె ఈడనే ఉందం." నేనే నాన్చాను. పేట విడిచి ఎలా ఉంటానని భయం. కానీ నువ్వు లేని ఇంట్లో ఏం వండినా ముద్ద దిగడం లేదు. చివరికి బయల్దేరాను.

దారి నువ్వే చెప్పావు. "పన్వేల్‌ల బండి మారు. మా స్టేషన్‌ల నరపురుగు ఉండదు. టికెటిచ్చెటోడు లేడు, జెండా ఊపెటోడు లేడు. సొరంగం దాటినంక ఆగేదే మనది. ఒక రేకుల షెడ్డు, ఒక సిమెంటు బెంచీ, ఎనకాల సముద్రం. నువ్వు దిగు, నేనుంట."

సొరంగంలో బండి మోతకు సాంచాలాడే మన గల్లీలో ఉన్నట్టే అనిపించి కునుకు పట్టింది. బండి ఆగగానే ఉలిక్కిపడి లేచి దిగాను. రేకుల షెడ్డు ఉంది, బెంచీ ఉంది, వెనకాల సముద్రం ఉంది. నువ్వు లేవు. ఊరి పేరున్న బోర్డు నిండా పాచి. ఫోన్‌కు సిగ్నల్ లేదు. అడుగుదామంటే మనిషి లేడు. వానలో ఏ ఆకు కదిలినా నువ్వేననుకుని లేచి నిలబడ్డాను. నీకిష్టమని కట్టుకున్న పచ్చ చీర తడిసిపోయింది. నీకని తెచ్చిన కడక్ రొట్టెలు, పల్లీల శేంగా చట్నీ ఒళ్లో పెట్టుకుని, తిరుగు బండి వచ్చేదాకా కూర్చున్నాను.

పిలిచి కూడా రాలేదంటే ఏమనుకోవాలి? నేను నీకు బరువయ్యానా? వచ్చానని తెలియాలని, నువ్వు ఆఖరిసారి నేసిన ఎర్రంచు తువ్వాలను షెడ్డు స్తంభానికి కట్టి వచ్చాను.

"ఏంది వదినా, పోయిన కాళ్లతోనే వచ్చినవ్? అన్న ఏమన్నడు?" అని నీ చెల్లెలు భావన అడిగింది. సముద్రం నచ్చలేదన్నాను.

మన పేటలో ఏటా లాగే మార్కండేయుని రథానికి కూడా నువ్వు రానక్కర్లేదు. నేనిక ఆ దారి తొక్కను. పక్కింట్లో సాంచాలు ఆగినప్పుడల్లా, నీ డ్యూటీ అయిపోయిందని, వస్తున్నావని ఇప్పటికీ తలుపు వైపు చూస్తాను. అది మానుకోవాలి.

మంగళ

* * *

పిచ్చి మంగళా,

ఆరోజు నేను స్టేషన్‌లోనే ఉన్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నీకొకటి నాకొకటి రెండు గొడుగులు పట్టుకుని. బండి ఆగింది. ఒక్కో డబ్బా కిటికీలోకి తొంగి చూశాను. ఎవరూ దిగలేదు. నీ మనసు మారిందనుకున్నాను. నువ్వు ఫోన్ కట్ చేస్తుంటే ఇక ఖాయమనుకున్నాను. ఇద్దరికని వండిన అన్నం ముందు కూర్చుని ఎంత ఏడ్చానో నీకెందుకులే.

నీ ఉత్తరంలో తువ్వాల మాట చదివి స్టేషన్‌కు పరిగెత్తాను. మా స్తంభానికి ఏ తువ్వాలా లేదు. అప్పుడు తట్టింది. మాకంటే ముందు ఇంకో స్టేషన్ ఉంది. అదీ ఇంతే, ఇదే షెడ్డు, ఇదే బెంచీ, మనిషి లేడు. దానికి ముందు కూడా ఒక సొరంగం ఉంది. నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. ఎందుకంటే మొదటిసారి నేనూ అక్కడే దిగాను. చెబితే పేటంతా చెప్పి నవ్వుతావని దాచుకున్నాను.

లోకమంతా చప్పుడైతే లేస్తుంది. మన పేట వాళ్లం చప్పుడు ఆగితే లేస్తాం. సాంచాల మోతలో పుట్టి పెరిగినవాళ్లం, బండి ఆగితే పడుకోగలమా? ఇక్కడి గదిలో నాకు నిద్ర పట్టడం లేదు మంగళా. అంత నిశ్శబ్దం. పక్కన నువ్వు కూడా లేవు.

నిన్న ఆ స్టేషన్‌కు వెళ్లాను. తువ్వాల అక్కడే ఉంది. తీసేందుకు మనిషే లేడు కదా. తడిసి, ఎండి, మళ్లీ తడిసింది. ముడి మాత్రం నీదే, బీడీ కట్టకు వేసే ముడి. దాన్ని పట్టుకుని పేరు పెట్టి పిలిచాను నిన్ను. వినేవాళ్లు లేరు కాబట్టి గట్టిగానే పిలిచాను.

నువ్వు వద్దన్నా రథానికి వస్తున్నాను. రథం లాగాక ఇద్దరం కలిసి బండెక్కుదాం. నువ్వు నా భుజం మీద తల పెట్టి హాయిగా నిద్రపో. చప్పుడు ఆగగానే దిగేద్దాం, అది తప్పు స్టేషనే అయినా సరే. తువ్వాలను నేను విప్పలేదు. నువ్వే వచ్చి విప్పాలి.

నీ దశరథ్